కర్రకి పట్టిన తెల్ల బూజుకి మందు వెయ్యకండి

కొత్తగా మొక్కల అక్వేరియం పెట్టుకున్నవాళ్లు నాకు పంపే ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. నీళ్లు పోసి వారం కూడా కాని ట్యాంకు, మధ్యలో కొమ్మలు చాచుకుని కూర్చున్న డ్రిఫ్ట్‌వుడ్ (అలంకారానికి పెట్టే ఎండు కర్ర), ఆ కొమ్మల చివర్ల నిండా తెల్లగా జిగురుగా పట్టిన బూజు. ఫొటో కింద ఒకటే ప్రశ్న: "ఏ మందు వెయ్యాలండీ?"

ఏ మందూ వెయ్యొద్దండి. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. అయితే ఎందుకు వద్దో చెప్పకపోతే ఎవరి చెయ్యీ ఆగదు. ఎంతో ముచ్చటపడి కట్టుకున్న ట్యాంకులో తెల్లారేసరికి అలాంటిది కనిపిస్తే టెన్షన్ రావడం సహజం. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను. రైతులు సీసాల్లో తెచ్చే చెరువు నీళ్లు, కవర్లలో తెచ్చే రొయ్యలు, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, నైట్రైట్, విబ్రియో బ్యాక్టీరియా కౌంట్లు, పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే పని. ఇల్లు పాలకొల్లు దగ్గర పల్లెటూళ్లో. మావయ్యగారికి వనామీ రొయ్యల చెరువులున్నాయి. హాల్లో టీవీ పక్కన రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకు నాది. అంచుదాకా పోస్తే 55 లీటర్లు పట్టొచ్చు, మట్టీ కర్రా పోను నీళ్లు అంతకంటే తక్కువే. అందులో షాపులో కొన్న స్పైడర్ వుడ్ అనే కర్ర పెట్టాను. ఈ బూజు ఎక్కువగా పట్టే కర్రల్లో అది ముందు వరసలో ఉంటుంది. అనుకున్నట్టే పట్టింది.

దీన్ని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. గోడ మీద పట్టే పొడి బూజులాంటిది కాదు. లేత తాటిముంజలా మెత్తగా, తెల్లగా, వెలుతురు పడితే అవతల వైపు మసగ్గా కనిపించేలా ఉంటుంది. కర్రని కోసిన చివర్ల దగ్గర, బెరడు ఊడిన చోట, పగుళ్లలో మందంగా పేరుకుంటుంది. ఫిల్టర్ ధార తగిలే కొమ్మల మీద పోగులు పోగులుగా సాగి ఊగుతూ ఉంటుంది. వేలు పెడితే జారుతుంది. రెండు వేళ్ల మధ్య నలిపితే చేతిలో దాదాపు ఏమీ మిగలదు. వాసన కూడా పెద్దగా ఉండదు. ఈ వాసన సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

మావయ్యగారు పేపరు చదువుతూ తలెత్తి చూశారు. "ఏమ్మా, ఆ కర్ర కుళ్లిపోయినట్టుంది. తీసి అవతల పారెయ్యి, లేకపోతే చేపలు చచ్చిపోతాయి."

"చేపల్ని ఇంకా వెయ్యలేదండి మావయ్యగారూ."

"మరీ మంచిది. ఇప్పుడే పారెయ్యి."

"చెరువులో బెల్లం ఎందుకు పోయిస్తున్నారండి మీరు?"

"బ్యాక్టీరియాకమ్మా. నువ్వేగా చెప్పావు."

"ఆ కర్రలోనూ బెల్లం లాంటిదే ఉందండి."

ఆయన పేపరు మడిచి ట్యాంకు దగ్గరికొచ్చి కూర్చున్నారు. ముప్పై ఏళ్లకి పైగా చెరువులు చేసిన మనిషి, ఆ ఒక్క మాటతో మిగతాదంతా ఆయనకే అర్థమైపోయింది.

మన డెల్టాలో రొయ్యల చెరువు ఉన్న ఇంట్లో జ్యూస్ గురించి తెలియనివాళ్లు ఉండరు. తవుడు, బెల్లం, ఈస్ట్ డ్రమ్ములో కలిపి పులియబెట్టి చెరువులో పోస్తారు. ఆ తీపిలో ఉన్న కార్బన్ తిని మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరుగుతూ పెరుగుతూ నీళ్లలోని అమ్మోనియాని కూడా లాక్కుంటుంది. కర్ర విషయంలో జరిగేదీ అదే. చెట్టు బతికున్నప్పుడు దాని కాండంలో, వేళ్లలో చక్కెరలు, పిండి పదార్థం నిల్వ ఉంటాయి. ఎండిన తర్వాత కూడా కొంత మిగిలే ఉంటుంది. కర్ర నీళ్లలో నాని మెత్తబడేకొద్దీ అవి మెల్లగా బయటికొస్తాయి. ఫంగస్ బీజాలు, బ్యాక్టీరియా అన్ని చోట్లా ఉన్నవే. గాలిలో, కుళాయి నీళ్లలో, మొక్కల వేళ్లకి, మన చేతులకి. మేత కనబడగానే అక్కడ చేరి తింటాయి. ఆ తెల్ల జిగురు అవి కలిసి కట్టుకున్న పొర, బయోఫిల్మ్ అంటాం.

కొత్త ట్యాంకులోనే ఇంత ఎక్కువగా ఎందుకు వస్తుందంటే, అక్కడ అన్నీ దీనికి కలిసొస్తాయి. కర్రలో తీపి నిండుగా ఉంటుంది. మొక్కల ట్యాంకుల కోసం అమ్మే ఆక్వాసాయిల్ అనే మట్టి వేస్తే మొదటి వారాల్లో అది అమ్మోనియా వదులుతుంది. అంటే కార్బన్ కర్ర నుంచి, నత్రజని మట్టి నుంచి. చెరువు గట్టు మీద లెక్కలేసుకుని కలిపే జ్యూస్ ట్యాంకులో దానంతటదే తయారైపోతుంది. పైగా దాన్ని గోక్కుతినే జీవాలు ఇంకా ఉండవు. మొక్కలు కొత్త చోట వేళ్లూనుకునే పనిలో ఉంటాయి. అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బూజు కూడా ఇంచుమించు అంతకాలమే ఉంటుంది. నీళ్లలో పెట్టిన కొద్ది రోజులకే మొదలై, రెండో వారంలో బాగా పెరిగి, తర్వాత పల్చబడుతుంది. కొన్ని కర్రలకి రెండు నెలలు కూడా పడుతుంది. తేలిగ్గా కరిగే చక్కెరలు అయిపోయాక మిగిలేది గట్టి పీచు, లిగ్నిన్. వాటిని నీళ్ల అడుగున తినడం అంత సులభం కాదు, కాబట్టే మునిగిన కర్ర ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఒక రోజు కొంచెం బూజు చిన్న సీసాలో పట్టుకెళ్లి ల్యాబ్‌లో స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్‌లో చూశాను. ఇది మాత్రం అందరికీ చూపించాలనిపించింది. 10 ఎక్స్ లెన్సు కింద గాజు దారాల్లాంటి పోగులు కొమ్మలు కొమ్మలుగా చీలి, ఒకదానిమీదొకటి అల్లుకుని కనిపించాయి. 40 ఎక్స్‌కి మార్చితే ఆ పోగుల చుట్టూ బ్యాక్టీరియా కుదురుగా ఉండకుండా కదులుతోంది. పోగుల మధ్య వార్టిసెల్లాలు అనే ఏకకణ జీవులు. సన్నటి కాడ, కాడ చివర గంట ఆకారంలో శరీరం, దాని అంచున తిరిగే రోమాలు. స్లైడ్‌ని పెన్నుతో కాస్త తడితే చాలు, కాడలన్నీ చుట్టలు చుట్టుకుని గబుక్కున కిందికి లాక్కుంటాయి, మళ్లీ మెల్లగా చాచుకుంటాయి. చెరువు రొయ్యల మొప్పల మీద ఇలాంటిదే జూతామ్నియం అనే జీవి కనిపిస్తే రిపోర్టులో రాసి రైతుని హెచ్చరించడం నా ఉద్యోగం. దాని చుట్టాలే ఇక్కడ కర్ర మీద బ్యాక్టీరియాని తింటూ హాయిగా ఉన్నాయి. ఓ మూల రోటిఫర్ అనే సూక్ష్మజీవి ఒకటి, సన్నటి నెమటోడ్ పురుగు ఒకటి. ట్యాంకులో ఇంకా ఒక్క చేపపిల్ల లేదు, కానీ తినేవాళ్లు, వాళ్లని తినేవాళ్లు అందరూ అప్పుడే వచ్చేశారు. చూశాక దాన్ని తుడిచి పారేసే రోగంలా అనుకోవడం నా వల్ల కాలేదు.

అయితే పూర్తిగా వదిలేసి కూర్చోమని కూడా అనను. బూజు నేరుగా చేపనీ మొక్కనీ ఏమీ చెయ్యకపోయినా, అంత జీవం ఒక్కసారి పెరిగితే అదీ ఊపిరి పీలుస్తుంది కదా. చెరువు మనుషులకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీలకొస్తే 7.3 దగ్గరే ఆగిపోతుంది. మనకి ఏప్రిల్, మే నెలల్లో హాల్లో పెట్టిన ట్యాంకు కూడా తేలిగ్గా 31, 32కి వెళ్లిపోతుంది. పగలు మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, లైటు ఆరాక అవి కూడా వాడుకునే జాబితాలో చేరతాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే కారణం బూజు విషం కాదు, ఆక్సిజన్ చాలకపోవడం. అందుకే బూజు ఎక్కువగా ఉన్న రోజుల్లో రాత్రంతా ఎయిర్ పంపు నడిపించాను. ఫిల్టర్ నీళ్లు పడే పైపుని నీటి మట్టానికి కాస్త పైకి లేపాను, పైన అలలు పుడితే చాలు. కరెంటు పోయినా ఆగకుండా పంపుని ఇన్వర్టర్ లైన్లో పెట్టాం. మావయ్యగారే ప్లగ్గు మార్చారు. చెరువులో ఏరియేటర్ ఆగితే ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

ఇక శుభ్రం చెయ్యడం. కర్రని బయటికి తియ్యగలిగితే తీసి బకెట్‌లో పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మొక్కలు కట్టేసి ఉండి తియ్యలేకపోతే ముందు ఫిల్టర్ ఆపండి. ఎయిర్ పంపు సన్న పైపు ఒక చేత్తో, బ్రష్ ఇంకో చేత్తో పట్టుకుని రుద్దుతూనే ఆ జిగురుని పైపుతో కింద పెట్టిన బకెట్‌లోకి లాగెయ్యండి. లాగకుండా ఊరికే రుద్దితే ముక్కలు నీళ్లలో చెదిరి మొక్కల ఆకుల మీద, ఫిల్టర్ స్పాంజిలో పడతాయి. స్పాంజి మూసుకుపోతే ధార తగ్గుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ స్పాంజిని కుళాయి కింద కడగకండి, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. అందులో స్థిరపడుతున్న బ్యాక్టీరియాకి క్లోరిన్ తగిలితే మళ్లీ మొదటికే వస్తారు. రుద్దిన రెండు రోజులకే బూజు మళ్లీ కనిపిస్తుంది. కంగారు పడకండి. ప్రతిసారీ అంతకుముందు కంటే పల్చగా వస్తుందా లేదా, అది చూసుకోండి చాలు.

నీళ్లు మార్చేటప్పుడు మన ప్రాంతంలో ఒక తలనొప్పి ఉంది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు. మొక్కల ట్యాంకుకి అవి పనికిరావు. ధవళేశ్వరం దగ్గర ఆపిన గోదావరి నీళ్లు విజ్జేశ్వరం మీదుగా పశ్చిమ డెల్టా కాలువల్లోకొచ్చి, ఊరి మంచినీళ్ల చెరువులో నిలిచి, క్లోరిన్ కలిపి కుళాయిలోకి వస్తాయి. నేను అవే వాడతాను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మాత్రం జాగ్రత్త. మంచినీళ్ల చెరువులో ఉన్నదాంతోనే నెట్టుకురావాలి కాబట్టి నీళ్ల రంగూ మారుతుంది, క్లోరిన్ వాసనా కొన్ని రోజులు ఎక్కువగా వస్తుంది. అలాంటప్పుడు ఆర్వో ప్లాంటు నీళ్లు సగం కలుపుతాను. క్లోరిన్ తియ్యడానికి అక్వేరియం షాపులో చిన్న సీసాకి పెద్ద డబ్బు పెట్టక్కర్లేదు. ఆక్వా మందుల షాపుల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ పలుకులు చాలు. ఒక పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) క్లోరిన్‌కి ఇంచుమించు ఏడు పీపీఎం లెక్క. హేచరీలవాళ్లు చేసేదీ అదే.

ముందే కర్రని ఉడకబెడితే బూజు రాదా అని చాలామంది అడుగుతారు. తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. మా పెరట్లో నీళ్లు కాచుకునే పాత కాగు ఉంది. కొబ్బరి డొక్కల మంట మీద దాంట్లో రెండు మూడు గంటలు మరగబెట్టాను. నీళ్లు చిక్కటి టీ డికాక్షన్ రంగుకి తిరిగాయి. పారబోసి మళ్లీ కొత్త నీళ్లు పోసి మరగబెట్టాను. దానివల్ల పైపొరలో ఉన్న తీపి, వగరు చాలావరకు దిగిపోతాయి, కర్రలో ఉన్న పురుగూ గుడ్డూ చస్తాయి, కర్ర త్వరగా మునుగుతుంది. కానీ లోపలి పొరల్లో ఉన్నది లోపలే ఉంటుంది. బీజాలని మంట మీద చంపినా ట్యాంకులో కొత్తవి సిద్ధంగా ఉంటాయి. అంతకంటే ఎక్కువ ఉడికిస్తే సన్నకొమ్మలు మెత్తబడి విరిగిపోతాయి. ఉడకబెట్టడం కంటే నాలుగైదు వారాలు డ్రమ్ములో నానబెట్టి, వారానికోసారి నీళ్లు మార్చడం మేలని నా అభిప్రాయం. బూజు ఏదో ఆ డ్రమ్ములోనే పట్టి అక్కడే పోతుంది. ఓపిక ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు. ఒక్కటి మాత్రం, వంట గిన్నెల్లో ఉడకబెట్టకండి. ఆ కర్ర ఎక్కడిదో, దాని మీద ఏం చల్లారో మనకి తెలియదు.

ఇప్పుడు మందుల సంగతి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మన డెల్టాలో నీళ్లలో ఏది కనిపించినా ఒక డబ్బా తెచ్చి పొయ్యడం అలవాటైపోయింది. నీళ్ల రంగు మారితే ఒకటి, నురగ వస్తే ఒకటి, రొయ్య మేత తగ్గిస్తే ఒకటి. పరీక్ష చేయించకుండా వేసిన మందుల రసీదులు పట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చే రైతుల్ని చూస్తూనే ఉంటాను. ఆ అలవాటే ఇంట్లో ట్యాంకుల్లోకీ వచ్చేసింది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే ఫంగస్ పోతుందని ఒకాయన నమ్మకంగా చెప్పారు. చెరువులో పాచికి వాడతారు, నిజమే. కానీ మొక్కల ట్యాంకులో రాగి పడితే చిన్నరొయ్యలు బతకవు, నత్తలు బతకవు, నాచుమొక్కలూ దెబ్బతింటాయి. మట్టిలోకి చేరిన రాగిని తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం. మిథిలీన్ బ్లూ అనే రంగు మందు వేస్తే నీళ్లే కాదు, అద్దాల మూలల్లో సిలికాన్ కూడా నీలంగా అయిపోతుంది, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా దెబ్బతింటుంది. అలాంటిదే ఇంకో రంగు మందు మలకైట్ గ్రీన్ గురించి అయితే మాట్లాడుకోవడమే అనవసరం. తినే చేపలు, రొయ్యల్లో దాన్ని వాడకూడదని నిషేధం ఉంది. చేపల కోసం మందు వేసి చేపలకే ముప్పు తేవడం ఎందుకు? ఇంతా చేసి కర్రలో తీపి అలాగే ఉంటుంది, బూజు మళ్లీ వస్తుంది.

అంతగా కావాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్కటి వాడుకోవచ్చు, అదీ కర్రని బయటికి తీసి. మెడికల్ షాపులో '20 వాల్యూమ్స్' అని రాసున్న సీసా ఇస్తారు, అది 6 శాతం ఉంటుంది. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. బ్రష్‌తో బూజు మీద పూసి, నురగ వచ్చి ఆగేదాకా నాలుగైదు నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి తిరిగి పెట్టండి. పెరాక్సైడ్ చివరికి నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి ఏమీ మిగలదు. కానీ మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. చెరువు షెడ్డులో డీవో పడిపోతే వాడటానికి తెచ్చిన 50 శాతం పెరాక్సైడ్ క్యాను ఉంటుంది. రెండూ ఒకటే పేరు కదా అని అందులోంచి ఒంపుకోకండి. అది చేతి మీద పడితే చర్మం తెల్లగా కాలిపోతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు తిరిగే హాల్లోకి ఆ క్యాను రాకూడదు.

మందు వద్దంటే షాపువాళ్లు చెప్పే రెండో మాట, "ఒక సక్కర్ ఫిష్ వెయ్యండి, మొత్తం తినేస్తుంది." తినదని కాదు. కానీ రెండంగుళాల పిల్లగా ఇంటికొచ్చే ఆ చేప అడుగు దాటి పెరుగుతుంది. రెండడుగుల ట్యాంకులో అది తిరగడానికి కూడా చోటు ఉండదు. మొక్కల్ని పెకిలిస్తుంది, తిన్నదానికంటే ఎక్కువ మలం పోస్తుంది. అప్పుడు జాలిపడి కాలువలో వదిలేస్తారు. జాలరులు, చేపల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే. ఒంటి నిండా గట్టి పలకలు, రెక్కలకి ముళ్లు, వలలో పడితే వల చిరుగుతుంది, కోసుకుని తినేవాళ్లు లేరు. దక్షిణ అమెరికా నదుల చేప మన కాలువల్లోకి ఎలా వచ్చిందని అడిగేవాళ్లకి జవాబు మన అక్వేరియాలే. దయచేసి దాన్ని కొనకండి, ఇప్పటికే ఉంటే కాలువలో వదలకండి.

బూజు తినడానికి చిన్న జీవాలు చాలు. చెర్రీ ష్రింప్ అనే ఎర్రటి మంచినీటి చిన్నరొయ్యలు దీన్ని ఎంతో ఇష్టంగా తింటాయి. ముందుకాళ్లతో చిటికెలు చిటికెలుగా తెంపుకుని నోట్లో పెట్టుకుంటూ గంటల తరబడి కర్ర మీదే ఉంటాయి. నెరైట్ నత్తలు, మోలీ చేపలు కూడా తింటాయి. ఒటోసింక్లస్ అని సన్నటి చేప ఉంది, అదీ బాగా తింటుంది కానీ కొత్త ట్యాంకుని తట్టుకోలేదు. వీటిలో దేన్నైనా అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాకే వెయ్యాలి, బూజు తినిపించాలని ముందే వేసి చంపుకోవద్దు. కాలువ నుంచి పెద్ద నత్తలు పట్టుకొచ్చి వేసేవాళ్లూ ఉన్నారు. అవి బూజు కంటే ముందు మొక్కల్నే తినేస్తాయి.

చెర్రీ ష్రింప్ పెంచే రొయ్యల రైతుల ఇళ్లకి ఒక ముఖ్యమైన మాట. రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ వనామీకే కాదు, రొయ్య, పీత జాతులు చాలావాటికి సోకుతుంది. అందుకే చెరువు దగ్గర వాడిన మగ్గు, వల, బకెట్ ఏదీ నా ట్యాంకు దగ్గరికి రానివ్వను. ల్యాబ్ నుంచి వచ్చాక స్నానం చేశాకే చెయ్యి పెడతాను. ట్యాంకు నీళ్లని కూడా చెరువు వైపు బోదెలో పొయ్యను, పెరట్లో అరటి చెట్లకి పోస్తాను. మావయ్యగారు మొదటిసారి చిన్నరొయ్యల్ని చూసి "ఇవి ఎంత కౌంటుకొస్తాయమ్మా" అని, అంటే కిలోకి ఎన్ని తూగుతాయని, అడిగారు. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లకి వాటిని చూపించేది ఆయనే.

కర్ర ఎంచుకోవడంలో జాగ్రత్తపడితే ఈ గొడవ సగం తగ్గుతుంది. 2022 జూలై వరదలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు. ఆ వరదకి కొట్టుకొచ్చిన మానులు, వేరుదుబ్బులు లంకల అంచుల్లో ఎక్కడెక్కడో చిక్కుకున్నాయి. దొడ్డిపట్ల వైపు గోదావరి గట్టు కింద దొరికిన ఒక వేరుముక్క మా ఇంటికొచ్చింది. ఎండకి ఎండి, వానకి తడిసి, బెరడంతా ఊడిపోయి, గోరు గుచ్చితే దిగనంత గట్టిగా ఉంది. దాన్ని నానబెట్టి ట్యాంకులో రెండో వైపు పెడితే బూజు అక్కడక్కడ మచ్చలుగా మాత్రమే వచ్చింది, అదీ త్వరగానే పోయింది. దానిలో తీపిని ఎండా వానా ముందే లాగేశాయి. పక్కనే డబ్బిచ్చి కొన్న స్పైడర్ వుడ్ మాత్రం నిండా తెల్లగా ఉంది. అందుకని ఏ కర్ర పడితే ఆ కర్ర తెచ్చుకోమని కాదు. పచ్చి కర్ర వద్దు. గోరు దిగే మెత్తటి కర్ర వద్దు. వేప, గన్నేరు, జిల్లేడు, పాలు కారే చెట్లేవీ వద్దు. బాగా ఎండిన జామ కొమ్మ మంచిది. అంతర్వేదిలో సముద్రపొడ్డున దొరికే కర్రలు చూడటానికి చాలా బాగుంటాయి కానీ ఉప్పు పీల్చుకుని ఉంటాయి, నెలల తరబడి మంచినీళ్లలో నానితే తప్ప పనికిరావు. కోరింగ మడ అడవి జోలికి అసలే వెళ్లొద్దు. అది అభయారణ్యం, అక్కడి ఎండుపుల్ల కూడా ఆ అడవిదే.

కర్ర తేలకుండా కింద రాయి బిగించేవాళ్లు కడప బండ ముక్క వాడకండి. అది సున్నపురాయి జాతి, నీళ్ల హార్డ్‌నెస్ మెల్లగా పెంచుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే ట్యాంకులో ఇంకా త్వరగా. వంటగది గట్టు వేశాక మిగిలిన గ్రానైట్ ముక్కకి స్టెయిన్‌లెస్ స్క్రూతో బిగించండి.

ఇంకో విషయం, తెల్లగా కనిపించేదంతా ఈ బూజు కాదు. కర్ర నీళ్లపైకి పొడుచుకొచ్చిన భాగం మీద ఆకుపచ్చగానో బూడిదరంగులోనో పొడిపొడిగా పట్టేది గాలిలో పెరిగే వేరే బూజు. దాన్ని తడిగుడ్డతో తుడిచి, మూత కాస్త తెరిచి గాలి ఆడనివ్వండి. చేప ఒంటి మీదో, గుడ్ల మీదో దూదిలా పట్టేది ఎక్కువగా సాప్రోలెగ్నియా అనే నీటి బూజు. అది దెబ్బ తగిలిన చోటో, నీళ్లు పాడైనప్పుడో వస్తుంది, కర్ర మీంచి చేపకి ఎక్కదు. ఆ చేపని వేరే తొట్టిలోకి తీసి దానికి మాత్రమే వైద్యం చెయ్యాలి. ఇక వాసన. కర్ర దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా, నొక్కితే గుజ్జులా లోపలికి పోతున్నా అప్పుడు మాత్రం మావయ్యగారి మాటే వినండి, తీసి పారెయ్యండి. అది లోపల కుళ్లుతున్న కర్ర.

మొక్కల గురించి అడిగినవాళ్లకి: అనూబియాస్, జావా ఫెర్న్ లాంటివి కర్రకి కట్టాలని తొందరపడకండి. మొదటి విడత బూజు వాటి దుంప మీద కమ్ముకుంటే గాలాడక దుంప మెత్తబడుతుంది. నాచుమొక్కలో చిక్కుకుంటే విడదియ్యడం మరీ కష్టం. అప్పటిదాకా చిన్న ప్లాస్టిక్ కప్పులో పెట్టి ట్యాంకులో ఒక మూల ఉంచండి. ఈలోగా త్వరగా పెరిగే హైడ్రిల్లా లాంటిది నాలుగు కాడలు తేలనిస్తే నీళ్లలో ఎక్కువైన అమ్మోనియా అది లాగుతుంది. కాలువలో కావలసినంత ఉంటుంది కానీ నత్త గుడ్లూ పురుగులూ కూడా వస్తాయి కాబట్టి నేను షాపులోనే కొన్నాను. లైటు రోజుకి ఆరు గంటలు చాలు. బ్రష్ చేశాక రెండు మూడు రోజులైనా కర్ర తేటగా కనిపిస్తుంటే అప్పుడు నల్లదారంతో దుంపని కర్రకి చుట్టండి, వేళ్లు పట్టుకున్నాక దారం తీసెయ్యొచ్చు. నా ట్యాంకులో అనూబియాస్ స్పైడర్ వుడ్‌కి కట్టాను, జావా ఫెర్న్ గోదావరి వేరుకి. రెండింటికీ కొత్త ఆకులు వస్తున్నాయి.